ప్యాసింజర్‌లా దిగనన్న సరంగు

పోర్ట్ బ్లెయిర్‌లో మోకాలి నొప్పితో వచ్చిన మనిషికి "రోజూ నడవండి, తగ్గిపోతుంది" అని చెప్పి పంపించేసే డాక్టర్లంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. ఎక్కడ నడవాలయ్యా? ఈ ఊళ్ళో గుమ్మం దాటితే ఎక్కడమో దిగడమో తప్ప నడవడమనేది ఉండదు. పాలప్యాకెట్టుకి దిగాలి, పట్టుకుని ఎక్కాలి. బస్‌స్టాపు కింద, బడి పైన, ఆసుపత్రి ఇంకా పైన. ఎక్కడం కన్నా దిగడమే మోకాలికి ఎక్కువ చేటు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి డాక్టరుగారికి తీరిక ఉండదు. "నడవాలి, బరువు తగ్గాలి" అనేసి పేషెంటుని నా గదికి తోసేసేవారు. మిగతాదంతా నేను చెప్పుకోవాల్సి వచ్చేది.

నేను ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపీ చేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికని ఓడెక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయిన బాపతు. మొన్నామధ్య ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలిద్దరు ఇంటికొచ్చి, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అన్నారు. సునామీ నాటి సంగతులు చెబుతాననుకున్నట్టున్నారు. నేను ఒక సరంగు మోకాళ్ళ గురించి మొదలుపెట్టేసరికి ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. అయినా సరే, వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పెద్ద గండం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఎవరైనా నేర్పుతారు. అన్నిటికీ తలూపి ఏదీ చెయ్యని మనిషితో నెలల తరబడి ఎలా వేగాలో ఏ కాలేజీలోనూ చెప్పరు.

సరంగు అంటే బోటు నడిపే పెద్ద. ఈయన మనుషుల్నీ బళ్ళనీ అవతలి గట్టుకి దాటించే ఫెర్రీకి సరంగు. ఇక్కడే పుట్టిన మనిషి. తాతల నాడు విశాఖ తీరం నుంచి వచ్చిన చేపల వేటగాళ్ళ కుటుంబం. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మాటలో సగం హిందీ. రేవు పైనున్న హాడో పేటలో ప్రభుత్వ క్వార్టరు. మొదటిసారి నా గదిలోకి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోవడానికి రెండు చేతులూ బల్లకి ఆనించాడు. నేను చూశానని తెలిసి, "బల్ల గట్టిదేనా అని సూసినాను మేడమ్" అన్నాడు. అప్పుడే నాకు అర్థమైపోయింది, ఈయనతో నా తలప్రాణం తోకకొస్తుందని.

రెండు మోకాళ్ళలోనూ మృదులాస్థి అరిగింది. కుడిది మరీ ఎక్కువ. ఆయన బాధ మాత్రం నొప్పి కాదు. ఏటా బోటు సిబ్బందికి జరిగే ఆరోగ్య పరీక్షలో సరంగు అయినవాడు డెక్కు మీంచి ఇనుప నిచ్చెనెక్కి, స్టీరింగు ఉండే పై గదికి వెళ్ళి, మళ్ళీ దిగి చూపించాలి. డాక్టరూ, బోట్ల ఆఫీసరూ కింద నిలబడి చూస్తారు. అందులో తప్పితే ఒడ్డు మీద పనిలో వేస్తారు. రిటైర్మెంటుకి ఇంకా కొన్నేళ్ళుంది.

"స్టోర్‌లో కూకుని తాళ్ళూ డబ్బాలూ సూసుకోమంటారు మేడమ్. పదిహేనేళ్ళప్పుడు మా అయ్యతో వేటకెల్నాను. అప్పట్నుంచీ నీళ్ళ మీదే. ఒడ్డు మీద నానేటి సేస్తాను? బతాయియే."

"బతాయియే" అని, చెప్పమని నన్నే అడుగుతున్నాడు. నాకు నిజంగా జాలేసింది. ఆ జాలి ఓ వారం నిలిచింది.

చెయ్యాల్సినవి తేలికైనవే. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని, కాలిని తిన్నగా చాపి, తువ్వాలుని కిందికి నొక్కి పట్టడం. పడుకుని కాలు చాపి కొంచెం పైకెత్తి, మెల్లగా దించడం. ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, దబ్బున కూలబడకుండా కూర్చోవడం. కమ్మీ పట్టుకుని మోకాళ్ళు కొద్దిగా మాత్రమే వంచి లేవడం. గొంతుక్కూర్చోవడం, వజ్రాసనం, గెంతులు వద్దు. చేసేటప్పుడు కొద్దిగా నొప్పుంటే పరవాలేదు, కాసేపట్లో సద్దుమణగాలి. మర్నాటి పొద్దుటికీ నొప్పి ఉన్నా, మోకాలు పొంగినా నిన్న చేసింది ఎక్కువైందని లెక్క, తగ్గించుకోవాలి. తొడ కండ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. నడక చదునైన చోట మాత్రమే. ఇంతే. ఆయన ప్రతిదానికీ "ఠీక్ హై మేడమ్, ఠీక్ హై" అన్నాడు. ఆ మాట విని నేను సంతోషించాను కూడా.

మళ్ళీ వచ్చేసరికి కుడి మోకాలు బూరెలా పొంగి ఉంది.

"నడుస్తున్నారా?"

"రోజూ మేడమ్. గంట."

"చదునైన చోటేనా?"

"చదునే మేడమ్. క్వార్టర్ కాణ్ణుంచి వార్ఫ్ గేటు దాకా మొత్తం తారు రోడ్డే."

ఆ రోడ్డు నాకు తెలుసు. దాని మీంచి కొబ్బరికాయ వదిలితే నేరుగా సముద్రంలో పడుతుంది. ఆ మాటే అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"అదేటి ఎత్తు మేడమ్? ఎత్తంటే కొండ. అది రోడ్డు."

దీవుల్లో పుట్టిన మనిషికి వాలంటే ఏమిటో చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. గుంటలు లేకపోతే చాలు, వాళ్ళకది చదునే. పైగా ఆయన ఒక్కడే నడవడం లేదు. హాడో క్వార్టర్లలో మన తెలుగువాళ్ళ నడక బృందం ఒకటుంది. రిటైరైన మేష్టర్లూ, ఆఫీసు ఉద్యోగులూ. పొద్దున్నే తెల్ల బూట్లేసుకుని, రాజకీయాలు మాట్లాడుకుంటూ, ఎవరు ముందు కిందికి చేరతారా అని పందేలేసుకుంటూ దిగుతారు. ఒకరోజు పనుండి అటు వెళ్తే చూశాను కదా, అందరికన్నా ముందు మా సరంగు, దాదాపు పరుగు. నన్ను చూసి చెయ్యూపాడు కూడా! నడిరోడ్డు మీద నెత్తీ నోరూ బాదుకున్నాను. ఆ మేష్టర్లలో ఒకాయన నాకు సర్దిచెప్పబోయాడు: "అమ్మా, చెమట పడితే ఏ నొప్పైనా పోతుందమ్మా." ఆయనకి మోకాళ్ళు లక్షణంగా ఉన్నాయి మరి.

పోనీ చదునైన చోటు ఎక్కడుందో నేనే చూపిద్దామనుకున్నాను. మైదానం దూరం. బీచ్‌లో ఇసక, మోకాలికి అదీ మంచిది కాదు. నడుం లోతు నీళ్ళలో నడవడం మంచిదే కానీ, మొసలి కనపడిందని ఆ రోజుల్లో మా వైపు ఎవర్నీ నీళ్ళలో దిగనివ్వడం లేదు. ఆలోచించగా ఆలోచించగా తట్టింది. ఫెర్రీ! బళ్ళు నిలబెట్టే కింది డెక్కు. లారీలు ఎక్కించడానికి చేసిన ఇనుప నేల. తొలి ట్రిప్పుకి ముందు జెట్టీకి కట్టేసి ఖాళీగా ఉంటుంది. హాడో మొత్తం మీద అంతకన్నా చదునైన చోటు లేదు.

ఈ మాట చెప్పగానే ఆయన ఒంటికాలి మీద లేచాడు.

"బోటు మీద వాకింగా! సరంగు డెక్కు మీద పచార్లు సేస్తే కలాసీలు ఏటనుకుంటారు మేడమ్? బుడ్డా పాగల్ హో గయా అంటారు."

"అనుకోనివ్వండి. ఒడ్డు మీద పనిలో వేసేస్తే అప్పుడేమంటారు?"

అది తగిలింది. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. సరే, నిజంగా చేస్తున్నాడో లేదో చూద్దామని ఒక పొద్దున జెట్టీకి వెళ్ళాను. చేస్తున్నాడు. బుద్ధిగా, చేతులు వెనక్కి కట్టుకుని. నా ప్రాణం కుదుటపడింది. అంతలో పై గదిలోంచి ఎవరో పిలిస్తే వెళ్ళి, వచ్చేటప్పుడు ఆ ఇనుప నిచ్చెన దిగడం చూశాను. కుదుటపడిన ప్రాణం కాస్తా ఎగిరిపోయింది.

బోటు నిచ్చెన మీరు చూసే ఉంటారు. దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది, అటూ ఇటూ కమ్మీలు. మనలాంటివాళ్ళం మొహం నిచ్చెన వైపు పెట్టి, వెనక్కి తిరిగి మెట్టు మెట్టుకీ తడుముకుంటూ దిగుతాం. బోటు మనుషులు అలా దిగరు. వీపు నిచ్చెనకి పెట్టి, మొహం లోకం వైపు పెట్టి, కమ్మీల మీద చేతులు జార్చుకుంటూ, మడమలతో టకటకా దిగిపోతారు. కొత్త కలాసీకి, అంటే డెక్కు మీద పనివాడికి, అలా దిగడం వచ్చిన రోజున మిగతావాళ్ళు ఈలలేస్తారు. వెనక్కి తిరిగి దిగడమంటే ఒడ్డువాడని ఒప్పుకోవడం. మా సరంగు కూడా అలాగే దిగాడు. ప్రతి మెట్టుకీ వంగిన మోకాలి మీద మనిషి బరువంతా పడుతోంది. నేను చెప్పిన వ్యాయామం నెల రోజులు చేసి కట్టినదాన్ని రోజూ ఆ నిచ్చెన మీద కూలగొట్టుకుంటున్నాడు.

"మీరు ఇటు తిరిగి దిగాలి" అన్నాను. "నిచ్చెన వైపు మొహం పెట్టి, కుడికాలు ముందు దించి, తర్వాత ఎడమది. ఎక్కేటప్పుడు మాత్రం మంచి కాలు ముందు."

ఆయన చుట్టూ చూసి, ఎవరూ వినలేదని నిర్ధారించుకుని, గొంతు తగ్గించాడు.

"ప్యాసింజర్లు దిగుతారు మేడమ్ అలాగ."

"అయితే?"

"నాను సరంగుని."

"సరంగుకి మోకాళ్ళుండవా?"

"మేడమ్, కాళ్ళు నరికేసుకోమనండి, సేస్తాను. ప్యాసింజర్ లాగ మాత్రం దిగను. బస్."

ఇది ఎన్నిసార్లు జరిగిందో నేను చెప్పలేను. నేను మంచిగా చెప్పాను, కోపంగా చెప్పాను, ఎముకల డాక్టరుతో చెప్పించాను. ఆ డాక్టరు మెయిన్‌లాండ్ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాడు. వెళ్ళిపోయే రోజు కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. ఆయన సరంగుతో అన్న మాట: "వజన్ కమ్ కరో." అంతే. సరంగు ఆ మాట పట్టుకుని ఒకపూట తిండి మానేసి, నీరసం వచ్చి, నా గదిలో బల్ల మీద వాలిపోయాడు.

అయినా నెలలు గడిచేకొద్దీ తొడ కండ గట్టిపడింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తున్నాడు. మోకాలి పొంగు దిగింది. పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా నేను ధైర్యంగా చెప్పాను, ఇలాగే సాగితే గట్టెక్కుతారని. ఆ ధైర్యమే కొంప ముంచింది. పరీక్ష దగ్గర పడుతోంది కదా, ఇంకొంచెం ఎక్కువ చేస్తే ఇంకొంచెం గట్టిపడుతుంది కదా అనుకున్నాడాయన. ఆయన తమ్ముడి కొడుకు ఒకడు జిమ్ నడుపుతాడు. చేతులు నా నడుమంత లావుంటాయి. "పెదనాన్నా, ఆవిడ సెప్పినవి ముసలోళ్ళ ఎక్సర్‌సైజులు. పరీక్షకి అయి సాలవు" అన్నాట్ట. భుజాల మీద ఇనుప కడ్డీ పెట్టి, నిండా గొంతుక్కూర్చుని లేవమన్నాట్ట. ఆ చివరి వారాలు మా సరంగు నా దగ్గరికి రావడం మానేసి రోజూ సాయంత్రం అక్కడికి వెళ్ళాడు. పిల్లలు పరీక్ష ముందు పుస్తకం మీద పడ్డట్టు మోకాళ్ళ మీద పడ్డాడు. చదువైతే ఒక రాత్రిలో ఎక్కుతుందేమో గానీ, కీలు ఎక్కడ ఒప్పుకుంటుంది?

పరీక్ష రోజున నన్నూ రమ్మన్నారు. వైద్యం చేసినదాన్ని కాబట్టి నా అభిప్రాయం కావాలన్నారు. జెట్టీకి వెళ్ళేసరికి ఆయన ఇస్త్రీ యూనిఫాంలో, బొల్లార్డు మీద కూర్చుని ఉన్నాడు. అంటే బోటు తాడు కట్టే ఇనుప దిమ్మ. కుడికాలు చాపుకుని ఉన్నాడు. నేను అడక్కుండా వంగి ప్యాంటు మీంచే మోకాలి మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది. నీరు పట్టి మెత్తగా ఊగుతోంది.

"ఏం చేశారు?"

నేల చూపులు చూశాడు. జిమ్ సంగతి అప్పుడు చెప్పాడు. కోపం మింగుకుని అన్నాను:

"వాయిదా అడగండి. రెండు వారాలు ఆగితే దిగిపోతుంది. నేను చెబుతాను డాక్టరుకి."

"వాయిదా అడిగినోణ్ణి మళ్ళీ బోటెక్కనివ్వరు మేడమ్. ఒకసారి డౌట్ వస్తే ఖతం."

"అయితే ఇటు తిరిగి దిగండి. ఈ ఒక్కరోజుకి."

"మొత్తం క్రూ సూస్తన్నారు."

చూస్తున్నారు నిజమే. కలాసీలు, ఇంజను గదివాళ్ళు, టికెట్లిచ్చే అమ్మాయి, అందరూ డెక్కు మీదే ఉన్నారు. ఆయన లేచాడు. నొప్పి మొహంలో కనపడకుండా నిచ్చెన దాకా నడిచాడు. ఎక్కాడు. పైన ఒక్క క్షణం ఆగాడు. వీపు నిచ్చెనకి పెట్టి, మొహం మా వైపు పెట్టి, టకటకా దిగిపోయాడు. కింద కాలు ఆనగానే కలాసీలు చప్పట్లు కొట్టారు. ఆయన నుదుటి మీద చెమట చుక్కలు మిరియాల్లా నిలబడ్డాయి. పరీక్ష డాక్టరు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "గుడ్" అన్నాడు. ఆఫీసరు నవ్వాడు. ఇక వెళ్ళిపోదామన్నట్టు నా వైపు తిరిగి, "మీరేమంటారు మేడమ్? ఫిట్టే కదా?" అన్నాడు.

సరంగు నా వైపు చూశాడు. బతిమాలే చూపు కాదు. మనిద్దరికీ మాత్రమే తెలిసిన సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వండి అన్న చూపు.

ఒక్క "ఊఁ" అంటే అయిపోయేది. ఆయన పైకి వెళ్ళి స్టీరింగు పట్టుకునేవాడు, నేను ఇంటికెళ్ళి అన్నం తినేదాన్ని. కానీ ఆ ఫెర్రీలో బడిపిల్లలు ఎక్కుతారు. గర్భిణులు ఎక్కుతారు. అల లేచిన రోజున సరంగు ఆ నిచ్చెన మీంచి ఒక్క ఉదుటున కిందికి రావాల్సిన అవసరం పడితే, ఆ మోకాలు మడత పడిపోతే? ఆ రోజు మోకాలు నొప్పిని ఓర్చుకుందే తప్ప పని చెయ్యలేదు. నాకది తెలుసు.

"ఈరోజు కాదు సార్" అన్నాను. "కుడి మోకాల్లో నీరుంది. మూడు నెలలు ఒడ్డు మీద ఉంచండి. తర్వాత మళ్ళీ చూడండి."

సరంగు టోపీ తీసి చంకలో పెట్టుకుని, జెట్టీ మీదికి దిగి, క్వార్టర్ల వైపు నడిచి వెళ్ళిపోయాడు. కుంటుతూనే వెళ్ళాడు, ఇక దాచుకోవాల్సిన పని లేదు కదా. నేను ఆసుపత్రి జీపెక్కుతుంటే ఒక కలాసీ నాకు వినపడేలాగే హిందీలో ఏదో అన్నాడు. అది ఇక్కడ రాయను. సరంగు మీద కోపం, ఆ జిమ్ కుర్రాడి మీద కోపం, ఫోన్లోంచి తలెత్తని డాక్టరు మీద కోపం. ఆ రోజు ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించలేదు. నేను చేసింది సరైనదేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన బాధ తగ్గుతుందని ఎవరన్నారు?

ఆయన మరి రాడనే అనుకున్నాను. మర్నాడు నేను తలుపు తాళం తీసేసరికే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"సెప్పండి. ఏటి సెయ్యాలి?"

అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ మూడు నెలలూ మోకాలి గురించి తప్ప నాతో మాట్లాడలేదు. నమస్కారం కూడా పెట్టలేదు. కానీ ఏం చెబితే అది చేశాడు. తువ్వాలు నొక్కమంటే నొక్కాడు. ఇవాళ వద్దంటే మానేశాడు. పొద్దున్నే మోకాలు చూసుకుని, పొంగితే పొంగిందని నిజం చెప్పాడు. నాకు అదీ ఒళ్ళు మండించింది. ఈ పని మొదట్లోనే చేసి ఉంటే ఏం పోయేది?

మధ్యలో ఒకసారి హాడో చేపల బజార్లో ఆయన భార్య నన్ను పట్టుకుంది. కోప్పడుతుందేమోనని నేను జంకాను. ఆవిడ బాధ వేరు.

"దీదీ, మీకు దండం పెడతాను, ఆయన్ని బేగి బోటెక్కించెయ్యండి. స్టోర్‌లో పని సాయంత్రానికే అయిపోద్ది. ఇంటికొచ్చి నా ఎనకాల తిరగతన్నాడు. బియ్యం డబ్బా ఇక్కడెందుకు, గ్యాస్ బండ అక్కడెందుకు! పెళ్ళయింది లగాయతు ఇన్నాళ్ళు వరసగా మొగుణ్ణి ఇంట్లో సూడనేదు నాను. నా వల్ల అవడం నేదు."

మళ్ళీ పరీక్ష వానలు తగ్గాక వచ్చింది. అదే జెట్టీ, అదే జనం. ఈసారి మోకాలు చల్లగా, పొడిగా ఉంది. తొడ కండ రాయిలా ఉంది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆయన ఎలా దిగినా గట్టెక్కేవాడే. ఎక్కాడు. పైన నిలబడ్డాడు. కింద కలాసీలు చప్పట్లకి చేతులు సిద్ధం చేసుకున్నారు. ఆయన మెల్లగా ఇటు నుంచి అటు తిరిగాడు. మాకు వీపు చూపించి, నిచ్చెన వైపు మొహం పెట్టి, కుడికాలు ముందు, ఎడమకాలు తర్వాత, మెట్టు మెట్టుకీ నిదానంగా దిగాడు. ఎవరో కుర్ర కలాసీ కిసుక్కున నవ్వాడు.

సరంగు కింద కాలు పెట్టి, వాడి దగ్గరికే వెళ్ళాడు.

"హసో మత్. రేపట్నుంచి ఈ బోటు మీద అందరూ ఇలాగే దిగాల. నానొక్కణ్ణే ఎందుకు నవ్వులపాలవ్వాల? ఎవడన్నా అటు తిరిగి దిగితే సెలవు కట్."

మోకాళ్ళ కోసం కాదట, భద్రత కోసం కాదట, తనొక్కడే నవ్వులపాలు కాకూడదట! నేను ఇన్ని నెలలు గొంతు చించుకుంటే జరగనిది ఆయన పంతంతో ఒక్క నిమిషంలో జరిగిపోయింది. ఆఫీసరు నా వైపు చూశాడు. "ఫిట్" అన్నాను. ఈసారి డాక్టరు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సరంగు నాకేసి చూడనైనా చూడకుండా పైకెక్కి హారన్ కొట్టాడు. జెట్టీ అంతా అదిరింది.

ఒక్క మాటైనా అనలేదే అని ఉక్రోషపడ్డాను. ఎందుకు అబద్ధం, చాలా ఉక్రోషపడ్డాను. ఏ పేషెంటూ నా చేత అన్ని తిట్లు తిట్టించుకోలేదు, ఏ పేషెంటు కోసమూ నేనంత తిరగలేదు.

ఆ వారంలోనే ఆయన సెలవు రోజున వచ్చాడు. యూనిఫాం లేదు, లుంగీ మీద చొక్కా. గుమ్మంలోనే ఆగాడు. పక్కన ఆయన భార్య. ఆవిడ మొహం చిరాగ్గా ఉంది.

"మేడమ్, ఈవిణ్ణి సూడండి."

"నాకేటీ నేదు దీదీ" అంది ఆవిడ. "ఈయనకి సాదస్తం ఎక్కువైంది. పొయ్యి మీద పప్పు ఒగ్గేసి వచ్చినాను."

"ఏమైంది?" అన్నాను ఆయనతో.

ఆయన నా బల్ల అంచు మీద గోటితో గీస్తూ చెప్పాడు. ఒడ్డు మీద ఉన్న ఆ మూడు నెలల్లోనే చూశాట్ట. ఆవిడ క్వార్టరు మెట్లు దిగేటప్పుడు ఒక చెయ్యి గోడకి ఆనించి, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగుతుందట. నీళ్ళ బిందె ఉన్నా అలాగే. అంత వయసులో పొద్దున్నే నాలుగు మలుపుల రోడ్డు దిగి చేపలు కొనుక్కుని మళ్ళీ ఎక్కుతుందట. అంతకు ముందు ఆయన తొలి బోటుకి వెళ్ళిపోయేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలాగ దిగతన్నావే అని అడిగినాను మేడమ్" అన్నాడు. "పెద్దోడు పుట్టిన కాణ్ణుంచి అంది."

నేను ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెడుతున్నాను. ఆవిడ ఇంకా పప్పు గురించే ఏదో అంటోంది. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, కాలు కొంచెం కదిలించేసరికి లోపల ఎముకలు కరకరమన్నాయి. దీని ముందు మొగుడి మోకాళ్ళ అరుగుదల ఒక లెక్కే కాదు.

"మీ పెద్దబ్బాయికి ఇప్పుడెన్నేళ్ళు?" అన్నాను.

సరంగు తల ఎత్తలేదు.

"ఆడికిప్పుడు ఇద్దరు పిల్లలు మేడమ్."